బొమ్మ అమ్ముడుపోయింది, డబ్బెవరికి చేరింది?

2025 మార్చిలో న్యూయార్క్‌లో క్రిస్టీస్ సంస్థ జరిపిన వేలంలో ఎం.ఎఫ్. హుసేన్ వేసిన ‘గ్రామ్ యాత్ర’ కోటీ ముప్ఫై ఏడు లక్షల డాలర్లు పలికింది. మన లెక్కలో దాదాపు 118 కోట్ల రూపాయలు. అప్పటిదాకా ఆధునిక భారతీయ చిత్రకళలో ఏ బొమ్మకూ వేలంలో అంత ధర రాలేదు. అంతకుముందు రికార్డు అమృతా షేర్‌గిల్ బొమ్మది. 2023లో అది 61.8 కోట్లకు పోయింది. హుసేన్ ఈ బొమ్మ వేసింది 1954లో. అప్పట్లో ఢిల్లీలో పనిచేస్తున్న ఒక విదేశీ డాక్టరు దాన్ని కొని నార్వే తీసుకుపోయారు. ఆయన తదనంతరం అది ఓస్లో యూనివర్సిటీ ఆసుపత్రికి దక్కింది. వేలం సొమ్ము ఆ ఆసుపత్రిలో డాక్టర్ల శిక్షణకు వెళుతుందని ప్రకటించారు. మంచి పనే. బొంబాయిలో సినిమా హోర్డింగులకు రంగులేసి పొట్టపోసుకున్న హుసేన్ 2011లోనే లండన్‌లో కన్నుమూశారు. ఈ అమ్మకంలో వాటా అడిగే హక్కు ఆయన వారసులకు అమెరికా చట్టం ఇవ్వదు.

దీన్ని కళకు దక్కిన గౌరవం అనాలా, కళను సరుకు చేసిన దౌర్భాగ్యం అనాలా? కళ–మార్కెట్ చర్చ రెండు వందల ఏళ్లుగా ఈ రెండు మాటల మధ్యే ఊగుతోంది. ఒక వర్గం మార్కెట్టే కళాకారుణ్ణి రాజుల నుంచి, మఠాల నుంచి విడిపించిందంటుంది. ఇంకో వర్గం మార్కెట్టే కళను చంపిందంటుంది. ఇద్దరి దగ్గరా సాక్ష్యాలున్నాయి. ఆ సాక్ష్యాలన్నీ ఒకచోట పెట్టి చూస్తే, ‘కళను అమ్మవచ్చా’ అన్న ప్రశ్న కంటే ‘అమ్మిన డబ్బు ఎక్కడ ఆగిపోతోంది’ అన్న ప్రశ్నే మనల్ని ముందుకు తీసుకుపోతుంది. ఈ వ్యాసం ఆ దారిన పోతుంది.

కనకాభిషేకం, నాగలి, మిరాశీ

పెట్టుబడిదారీ మార్కెట్ రాకముందు కళాకారుడు హాయిగా ఉన్నాడనుకోవడం భ్రమ. తెలుగువాళ్లకు ఈ విషయం చెప్పడానికి శ్రీనాథుడి కథ ఒక్కటి చాలు. ప్రౌఢదేవరాయల కొలువులో కనకాభిషేకం చేయించుకున్న ఆ కవిసార్వభౌముడే, చివరి రోజుల్లో కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లి గుత్తకు తీసుకుని, పంట ఏటిపాలై, శిస్తు కట్టలేక శిక్ష అనుభవించాడని చాటువులు చెబుతాయి. ఆదరించిన రాజులు పోయారు, వాళ్లతో పాటు కవి బతుకూ పోయింది. పోషణ అంటే ఒక మనిషి దయ. ఆ మనిషి ఉన్నంతవరకే అది ఉంటుంది.

పోతన కథ దీనికి ఎదురుగా నిలబడుతుంది. భాగవతాన్ని రాజుకు అంకితమివ్వకుండా రాముడికిచ్చాడని, పొలం దున్నుకుని బతికాడని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. ఆ కథను మనం ఎప్పుడూ త్యాగానికి ఉదాహరణగానే చదువుతాం. అందులోని ఆర్థికం కూడా చూడాలి. అమ్మనని చెప్పగలిగిన కవికి నాగలి ఉంది. కళను అమ్మకుండా బతకాలంటే ఎక్కడో ఒకచోట వేరే ఆదాయం ఉండాలి. ఈ ‘నాగలి’ ఇవాళ్టిదాకా మన సాహిత్యంలో ఉంది. మన కవుల్లో, కథకుల్లో ఎక్కువమంది టీచర్లు, గుమాస్తాలు, బ్యాంకు ఉద్యోగులు, విలేకరులు. జీతం డబ్బుతో ఐదొందల కాపీలు అచ్చేసుకుని, ఆవిష్కరణ సభ పెట్టుకుని, సంతకం చేసి ఊరికే పంచే కవి మనకు కొత్త కాదు. ఆయన మార్కెట్‌కు లొంగలేదు, నిజమే. మార్కెట్ కూడా ఆయన జోలికి రాలేదు.

కొలువుకు బయట ఇంకో ఏర్పాటు ఉండేది. చేర్యాల నకాశీ చిత్రకారులు వేసే పటాలు గోడకు తగిలించుకునే బొమ్మలు కావు. ఒక్కో కులానికి ఒక్కో పురాణం, దాన్ని చెప్పడానికి ఒక్కో ఆశ్రిత కులం ఉండేవి. ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లు అలాంటి కథకులు. ఏ ఊళ్లు ఎవరివో మిరాశీ హక్కుగా పంచుకునేవాళ్లు. కథకులు చిత్రకారుడికి బయానా ఇచ్చి పటం వేయించుకునేవారు. ఎర్రటి నేపథ్యం మీద అడ్డపట్టీలుగా కథ సాగే ఆ పటం గజాల కొద్దీ పొడవుండేది. పాతబడితే మళ్లీ కొత్తది వేయించుకునేవారు. డబ్బు వచ్చే దారి ఖాయం, చూసే జనం ఖాయం. దానితో పాటు కులం కూడా ఖాయం. ఎవరు గీయాలో, ఎవరు పాడాలో, ఎవరి గుమ్మం ముందు చేయి చాచాలో పుట్టుకే తేల్చేసేది. ఈ ఏర్పాటును స్వర్ణయుగమని పిలిచే ముందు డక్కలివాళ్ల పిల్లల్ని అడగడం మంచిది.

టికెట్టు తెచ్చిన స్వేచ్ఛ

మార్కెట్ వచ్చాక ఏం మారింది? 17వ శతాబ్దపు హాలెండులో చర్చి ఆర్డర్లు తగ్గిపోయాయి. మధ్యతరగతి ఇళ్లవాళ్లు బొమ్మలు కొనడం మొదలుపెట్టారు. పూలు, వంటిళ్లు, తాగుబోతులు, మబ్బుల కింద పొలాలు చిత్రకళలోకి వచ్చింది ఆ కొనుగోలుదార్ల వల్లే. అదే మార్కెట్ రెంబ్రాంట్‌ను 1656లో దివాలా తీయించింది కూడా. రెండు వందల ఏళ్ల తర్వాత పారిస్‌లో ప్రభుత్వ కళాప్రదర్శన తోసిపుచ్చిన ఇంప్రెషనిస్టులను ఆదుకున్నది ద్యురాన్ రుయెల్ అనే వ్యాపారి. వాళ్ల బొమ్మలు కొన్నాడు, అప్పులిచ్చాడు, 1886లో న్యూయార్క్ తీసుకెళ్లి ప్రదర్శించాడు. విద్వాంసుల కమిటీ కాదన్నదాన్ని ఒక దుకాణదారుడు ఔనన్నాడు. మార్కెట్‌ను తిట్టేవాళ్లు ఈ సంగతి మరిచిపోకూడదు.

మన దగ్గర దీనికి సాటి వచ్చే కథ సురభి నాటక సమాజానిది. తోలుబొమ్మలాట ఆడిన కుటుంబాలు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో రంగస్థలం ఎక్కాయి. ఆడవేషాలు ఆడవాళ్లే వేశారు. టికెట్టు కొన్నవాడు ఏ కులంవాడైనా ప్రేక్షకుడే. జమీందారు దయ అక్కర్లేకుండా ఊరూరా డేరా వేసి ఒక సమాజం తరాలపాటు బతికింది. 1932లో తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ తీసినప్పుడు హెచ్.ఎం. రెడ్డి తీసుకున్నది సురభి నటుల్నే. ఆ తర్వాత అదే సినిమా సురభి ప్రేక్షకుల్ని పట్టుకుపోయింది. టికెట్టే పెంచింది, టికెట్టే దించింది.

పత్రికల సంగతీ అంతే. 1947 జూలైలో నాగిరెడ్డి–చక్రపాణి మొదలుపెట్టిన ‘చందమామ’ ఫక్తు వ్యాపారమే. నెలనెలా అమ్ముడుపోవాలి, లేకపోతే మూతపడుతుంది. ఆ వ్యాపారం వడ్డాది పాపయ్య రంగుల్ని పల్లెటూరి పిల్లల చేతుల్లో పెట్టింది. ఏ మ్యూజియమూ అన్ని ఇళ్లకు బొమ్మను చేర్చలేదు. 2007లో పత్రిక ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ చేతికి పోయింది. కొన్నేళ్లకే అచ్చు ఆగిపోయింది. పత్రికను పెంచిన యజమానికి దాని మీద మమకారం ఉంది. కొన్న కంపెనీ లెక్కల్లో అది ఒక ఆస్తి మాత్రమే. మార్కెట్‌లో కూడా అన్ని రకాల యజమానులూ ఒకటి కాదు.

సిద్ధాంతాలు ఎక్కడిదాకా తీసుకెళ్లాయి

ఈ చర్చలో ఇప్పటికీ పదునుగా ఉన్నది మార్క్స్ ఇచ్చిన చిన్న ఉదాహరణ. మిల్టన్ ‘పారడైజ్ లాస్ట్’ను పట్టుపురుగు పట్టు తీసినంత సహజంగా రాసి, ఐదు పౌండ్లకు అమ్ముకున్నాడంటాడు. అదే ఒక ప్రచురణకర్త చెప్పినట్టల్లా పుస్తకాలు తయారుచేసే రచయిత అయితే, మొదటి నుంచీ పెట్టుబడి కింద కూలి. పని ఒకటే, సంబంధం వేరు. తనకోసం పాడుకునే గాయని, కచేరీకి డబ్బు తీసుకునే గాయని, కంపెనీ జీతం మీద పాడే గాయని ఒకే పాట పాడవచ్చు. మూడోచోట మాత్రమే ఆ పాట మీద ఇంకొకరు లాభం తీస్తారు. మిల్టన్ లెక్క పూర్తిగా చూస్తే ఇంకా చేదుగా ఉంటుంది. 1667 ఒప్పందం ప్రకారం చేతికి ఐదు పౌండ్లు, మొదటి 1300 ప్రతులు పోయాక మరో ఐదు. ఆయన చనిపోయాక మిగిలిన హక్కులన్నీ భార్య ఎనిమిది పౌండ్లకు వదులుకుంది.

1940లలో అడోర్నో, హోర్క్‌హైమర్ ‘సంస్కృతి పరిశ్రమ’ అన్నారు. సినిమా, రేడియో జనానికి కావలసింది ఇవ్వడం లేదనీ, తాము తయారుచేయగలిగిందే కావాలనిపించేలా జనాన్ని తయారుచేస్తున్నాయనీ వాళ్ల వాదన. హీరో ఎంట్రీ, ఐటెం సాంగు, ఇంటర్వెల్ బ్యాంగ్ వరుసగా లెక్కపెట్టుకునే తెలుగు ప్రేక్షకుడికి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. కానీ నైజాం, సీడెడ్, ఆంధ్ర అని ఏరియాల వారీగా హక్కులమ్మే ఇదే పరిశ్రమలో 1980లో ‘శంకరాభరణం’ వచ్చింది. పెద్ద హీరో లేడు. శంకరశాస్త్రి వేషం కట్టిన సోమయాజులు అప్పటికి రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరు. శాస్త్రీయ సంగీతానికి ఆదరణ పోయిందని బాధపడే సినిమాకు జనం హాళ్లు నింపారు. అడోర్నో దగ్గర దీనికి జవాబు లేదు. పరిశ్రమ అచ్చులు పోస్తుంది గాని, ప్రతిసారీ అచ్చులోంచే బొమ్మ రాదు.

వాల్టర్ బెంజమిన్ అడోర్నోకు స్నేహితుడే, అయినా ఇంకోవైపు చూశాడు. యంత్రంతో నకలు తీయడం వల్ల కళాఖండం చుట్టూ ఉన్న పవిత్ర వలయం చెదిరిపోతుందనీ, అది జనానికి దగ్గరవుతుందనీ 1935–36 ప్రాంతంలో రాశాడు. దానికి నలభై ఏళ్ల ముందే, 1894లో బొంబాయిలో రాజా రవివర్మ లితో ప్రెస్ పెట్టాడు. అచ్చు పటాల వల్ల లక్ష్మీ సరస్వతులు గుడిలోకి అడుగుపెట్టనివ్వనివాళ్ల ఇళ్లలోకి కూడా వెళ్లారు. ప్రెస్ మాత్రం అప్పుల్లో మునిగి కొన్నేళ్లకే ఒక జర్మన్ టెక్నీషియన్ చేతికి పోయింది. బెంజమిన్ ఆశ నిజమైంది, కళాకారుడికి లాభం మాత్రం రాలేదు.

పియెర్ బోర్దియూ 1992లో రాసిన పుస్తకంలో ఇంకో చిక్కుముడి విప్పాడు. డబ్బును ఈసడించుకోవడమే కళారంగంలో ఒక పెట్టుబడి అంటాడు. ఇవాళ అమ్ముడుపోని వాడికి రేపు పేరొస్తుంది, పేరు ఎల్లుండి ధర తెస్తుంది. అయితే ఎల్లుండిదాకా ఆగగలిగేది ఎవరు? ఫ్లోబేర్, మానే వంటివాళ్లకు ఇంటి ఆస్తి ఉంది. మళ్లీ పోతన నాగలి దగ్గరికే వచ్చాం.

బామోల్, బోవెన్ అనే ఇద్దరు అమెరికన్ ఆర్థికవేత్తలు 1966లో చెప్పిన మాటలో ఆవేశం లేదు గాని, అందరికంటే ఎక్కువ కుండబద్దలు కొట్టింది అదే. కార్ల ఫ్యాక్టరీలో గంటకు తయారయ్యే కార్లు ఏటేటా పెరుగుతాయి, జీతాలూ పెరుగుతాయి. నలుగురు వాయించే సంగీతానికి ఇవాళ కూడా నలుగురే కావాలి, అంతే సేపు పడుతుంది. బయట జీతాలు పెరిగే కొద్దీ ప్రదర్శన ఖరీదవుతుంది. అందుకే మార్కెట్ ఎంత పెరిగినా ప్రదర్శన కళలు టికెట్టు డబ్బుతో మాత్రమే నిలబడలేవు.

ఇక మన సంగతి. 1943లో అభ్యుదయ రచయితల సంఘం, ప్రజానాట్యమండలి పుట్టాయి, 1970లో విరసం పుట్టింది. కళ కళ కోసమా, ప్రజల కోసమా అన్న వాదన మన పత్రికల్లో దశాబ్దాలు నడిచింది. కళ ఎవరి పక్షం మాట్లాడాలో మనం గట్టిగానే తేల్చుకున్నాం. కళాకారుడికి పూట ఎలా గడవాలన్నది మాత్రం ఆ చర్చలో పక్కకు పోయింది. బుర్రకథను ఉద్యమ ఆయుధం చేసిన షేక్ నాజర్ కళను వేనోళ్ల పొగిడాం. బుర్రకథ దళానికి ఒక రాత్రికి ఎంత రావాలి, ఎవరివ్వాలి అని మాత్రం పెద్దగా రాసుకోలేదు.

కాళహస్తి గుడ్డ మీద లెక్క

ఇప్పుడొక వస్తువును దగ్గరగా చూద్దాం. శ్రీకాళహస్తి కలంకారీకి ముతక నూలు గుడ్డను ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో తడిపి, ఎండబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పాకకుండా ఉంటుంది. కాల్చిన చింతపుల్ల బొగ్గుతో బొమ్మ రూపు గీస్తారు. వెదురుపుల్లకు నూలో ఉన్నో చుట్టి కలం చేస్తారు. సన్నగీతకు ఒకటి, రంగు నింపడానికి మరొకటి. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో వారాలపాటు పులిసిన ద్రావకంలో కలం ముంచి గీత గీస్తే, గుడ్డలోని కరక్కాయ వగరుతో కలిసి నల్లబడుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు పూస్తారు. తర్వాత మొక్కల వేళ్ల రంగులో ఉడికిస్తే పటిక ఉన్నచోటే ఎరుపు పట్టుకుంటుంది. పసుపుకు, నీలానికి మళ్లీ వేరే వరస. మధ్యమధ్య స్వర్ణముఖి పారే నీళ్లలో జాడించాలి, ఇసుక మీద ఆరబెట్టాలి. ఈ పనిలో గీత వంతు కొంతే, మిగతాదంతా నిరీక్షణ. బేరమాడే చోట ఎవరూ ఈ నిరీక్షణకు కూలి కట్టరు.

ఈ విద్యకు ప్రపంచ మార్కెట్ కొత్త కాదు. 17వ శతాబ్దంలో మచిలీపట్నం రేవు నుంచి అద్దకపు గుడ్డలు ఆసియాకు, యూరప్‌కు ఓడలకెక్కాయి. ఇంగ్లీషువాళ్లు 1611లో అక్కడ వర్తక స్థావరం పెట్టారు. ఆ గుడ్డల దెబ్బకు తమ నేతగాళ్లు గగ్గోలు పెడితే ఫ్రాన్స్ 1686లో నిషేధించింది. ఇంగ్లండ్ 1700లో ఒక చట్టం, 1721లో ఇంకా కఠినమైన చట్టం చేసింది. ఇటు నిషేధిస్తూనే అటు కిటుకు నేర్చుకున్నారు. కోరమాండల్ తీరంలో పనిచేసిన కోర్దూ అనే ఫ్రెంచి జెస్యూట్ పాదిరీ రంగులద్దే పద్ధతినంతా 1742లో ఉత్తరం రాసి పంపాడు. తెలుగు–ఫ్రెంచి–సంస్కృత నిఘంటువు కూర్చిన పండితుడూ ఆయనే. మన భాషను శ్రద్ధగా నేర్చుకున్న మనిషే మన అద్దకం గుట్టును కూడా అంతే శ్రద్ధగా రాసుకున్నాడు. స్వేచ్ఛా మార్కెట్ అనే మాట పుట్టిన దేశాలు తమ అవసరానికి తలుపులు మూసి, పని నేర్చుకున్నాక తెరిచాయి. మార్కెట్ దానంతటదే పుట్టి పెరగదు, చట్టం దాన్ని తయారుచేస్తుంది. ఆ చట్టం ఎవరి పక్షాన ఉందనేదే చూడాలి.

20వ శతాబ్దం మధ్యకు కాళహస్తి కలం దాదాపు ఆగిపోయింది. 1950ల చివర్లో కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో అక్కడ ప్రభుత్వ శిక్షణ కేంద్రం పెట్టబట్టే విద్య మళ్లీ చిగురించింది. ఆ తర్వాత జొన్నలగడ్డ గురప్పచెట్టి వంటివాళ్లు పద్మశ్రీ దాకా వెళ్లారు. అంటే ఇవాళ బొటిక్కుల్లో వెలిగిపోతున్న కలంకారీ చీరను కాపాడింది మార్కెట్ కాదు, అప్పట్లో సర్కారు పెట్టిన ఖర్చు. మార్కెట్ తర్వాత వచ్చి ఫలం అందుకుంది. వచ్చినది ఊరికే కూడా రాలేదు, నకలును వెంటబెట్టుకొచ్చింది. స్క్రీన్ మీద, డిజిటల్ మిషన్ మీద గంటల్లో అచ్చయ్యే గుడ్డ కూడా దుకాణంలో ‘కలంకారీ’యే. భౌగోళిక గుర్తింపు ఉంది కదా అంటారు. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది, అదీ ఎవరైనా కోర్టుకెక్కి కొట్లాడితే. గుడ్డ మీద వచ్చిన లాభంలో కలం పట్టినవాడికి ఎంత, షోరూముకు ఎంత అన్న మాట అందులో లేదు.

బొమ్మకు ధర ఉంది, ఆటకు లేదు

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలాటకు పేరుపడ్డ ఊరు. మేకతోలును పలచగా, వెలుతురు దాటేలా తయారుచేసి, చిల్లులు పొడిచి, రంగులద్ది, తెర వెనుక దీపం పెట్టి రాత్రంతా రామాయణం ఆడేవారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇవాళ ఆ ఊళ్లో ఎక్కువగా తయారయ్యేవి దీపాలకు తొడిగే తోలు షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు. కుటుంబాలు బతుకుతున్నాయి, పిల్లలు చదువుకుంటున్నారు. దీన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. చేర్యాల్లో కూడా పటాలు చిన్న ఫ్రేములకు కుదించుకుపోయి, కొబ్బరిచిప్పల మీద మాస్కులై డ్రాయింగు రూములకు చేరాయి.

ఇక్కడ మార్కెట్ స్వభావం కళ్లకు కడుతుంది. అది కళలో మోసుకుపోగలిగిన భాగాన్ని మాత్రమే కొంటుంది. రాముడి బొమ్మను కొంటుంది, రాముడి చేత మాట్లాడించిన గొంతును కొనదు. హాస్యానికొచ్చే కేతిగాడు, బంగారక్కల మోటు మాటలు, తాళం, ఊళ్లో ఆనాటి గొడవలమీద అప్పటికప్పుడు విసిరే చెణుకు దేనికీ బిల్లు రాయలేం. బామోల్ చెప్పిన ఇబ్బంది ఇదే. రాత్రంతా ఆడే ఆటకు అదే దళం, అదే రాత్రి కావాలి. దీపం తొడుగు మాత్రం వందలు చేయొచ్చు. అందువల్ల ‘కళ బతికింది’ అని సంబరపడే ముందు, అందులో ఏ భాగం బతికిందో చూసుకోవాలి.

పాట ఎవరిది, మళ్లీ అమ్మితే ఎవరిది

గ్రామఫోను రికార్డు నుంచి స్ట్రీమింగ్ యాప్ దాకా పాట వ్యాపారంలో కొట్లాటంతా ఒకచోటే జరిగింది. ఒకసారి డబ్బిచ్చి హక్కులన్నీ రాయించుకోవచ్చా? మన సినిమాల్లో దశాబ్దాలపాటు జరిగింది అదే. జావేద్ అఖ్తర్ వంటివాళ్లు పట్టుబట్టాక 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. హాల్లో సినిమాతో పాటు వినిపించేది మినహా, పాట మరెక్కడ వాడినా గీతరచయితకు, సంగీత దర్శకుడికి రావలసిన రాయల్టీని వాళ్లు వదులుకుంటున్నట్టు రాయించుకున్నా అది చెల్లదు. హక్కు ఎవరిదన్నది స్నేహాలను కూడా కదిలిస్తుంది. 2017లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం అమెరికా కచేరీల్లో ఉండగా, తన పాటలు అనుమతి లేకుండా పాడకూడదని ఇళయరాజా తరఫున నోటీసు వెళ్లింది. జనం రెండు జట్లయ్యారు. పాట కట్టినవాడిదా, పాడినవాడిదా, వింటూ పెరిగినవాళ్లదా అన్న ప్రశ్న తెలుగిళ్లలో భోజనాల దగ్గర చర్చకు రావడం బహుశా అదే మొదలు.

యాప్‌లు ఇంకో మెలిక పెట్టాయి. స్పాటిఫై 2024 నుంచి పన్నెండు నెలల్లో వెయ్యిసార్లు కూడా వినబడని పాటకు డబ్బు లెక్కకట్టడం మానేసింది. పాట అక్కడే ఉంటుంది, ఆదాయం సున్నా. ఇదివరకు దళారీకి కనీసం ముఖం ఉండేది, వెళ్లి అడగడానికి వీలుండేది. ఇప్పుడు ఎవరి పాట ఎవరి చెవిన పడాలో తేల్చేది కంపెనీ లోపలి లెక్క. కృత్రిమ మేధ వచ్చాక ఆ లెక్కకే గొంతు కూడా వచ్చింది. లక్షల మంది పాటల మీద తర్ఫీదైన యంత్రం కొత్త పాట కడితే, ఆ లక్షల మందికి ఏమివ్వాలో ఇంకా కోర్టులు తేల్చుకుంటున్నాయి.

చిత్రకళలో గొడవ మళ్లీ అమ్మకం దగ్గర. 1973లో న్యూయార్క్ వేలంలో రాబర్ట్ స్కల్ అనే సేకరణకర్త, తాను 900 డాలర్లకు కొన్న రాషెన్‌బర్గ్ బొమ్మను 85 వేలకు అమ్మాడు. అక్కడే ఉన్న రాషెన్‌బర్గ్ అతన్ని నలుగురిలో నిలదీశాడు. ఫ్రాన్స్ 1920లోనే మరుఅమ్మకంలో చిత్రకారుడికి వాటా చట్టం చేసింది. బ్రిటన్ 2006లో చేసింది. చాలామందికి తెలియని విషయం, మన దేశంలోనూ ఆ చట్టం ఉంది. కాపీరైట్ చట్టంలో 1994లో చేర్చిన 53ఎ సెక్షన్ ప్రకారం పది వేల రూపాయలు దాటిన మరుఅమ్మకంలో కళాకారుడికి, వారసులకు పది శాతం మించకుండా వాటా అడిగే హక్కుంది. కాగితం మీద హక్కు. వసూలు చేసే యంత్రాంగం లేదు, అమ్మకం జరిగిందని చెప్పాల్సిన బాధ్యత ఎవరికీ లేదు. ఈలోగా జెనీవా ఫ్రీపోర్టు గోదాముల్లో కళాఖండాలు లక్షల సంఖ్యలో, పన్నులు తగలకుండా, చూసేవాడు లేకుండా పడున్నాయి. అక్కడ బొమ్మ చూడడానికి కాదు, బంగారు కడ్డీలా దాచుకోవడానికి.

మరి సర్కారు?

మార్కెట్ వద్దంటే మిగిలేది ప్రభుత్వమే అనుకుంటే, దాని చరిత్ర కూడా తిరగేయాలి. 1948లో సోవియట్ కమ్యూనిస్టు పార్టీ తీర్మానం షోస్తకోవిచ్, ప్రొకోఫియెవ్ సంగీతాన్ని ప్రజావ్యతిరేకమని ముద్రవేసింది. మన దగ్గర అకాడమీ సభ్యత్వాలకు, అవార్డులకు సిఫార్సుల సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. నాజర్ తరం చేతిలో తిరుగుబాటు చెప్పిన బుర్రకథ, తర్వాత కుటుంబ నియంత్రణ ప్రచారం చెప్పింది. కూలి ఇచ్చినవాడు పాట కూడా రాసిస్తాడు, అతను షావుకారైనా సర్కారైనా.

అయితే మనిషికి ఆసరా ఇచ్చి, పనిలో వేలు పెట్టని పద్ధతులూ ఉన్నాయి. ఫ్రాన్స్‌లో రంగస్థల, సినిమా కళాకారులు ఏడాదిలో 507 గంటల పని చూపిస్తే, పని లేని రోజులకు భృతి వస్తుంది. ఐర్లాండ్ 2022లో రెండు వేల మంది కళాకారులకు వారానికి 325 యూరోలు ఇచ్చే ప్రయోగం మొదలుపెట్టింది. ఏం గీయాలి, ఏం రాయాలి అని అడగలేదు. అందరికీ తలా ఒక చిన్న నాగలి ఇచ్చారన్నమాట.

ఇన్ని ఉదాహరణల తర్వాత నా తీర్పు సూటిగా చెబుతాను. మార్కెట్ కళను చంపుతుందన్న మాట సగమే నిజం, అది సురభిని, చందమామను, ఇంప్రెషనిస్టులను పెంచింది. మార్కెట్టే కళను బతికిస్తుందన్న మాట కూడా సగమే నిజం, కాళహస్తి కలాన్ని, రాత్రంతా ఆడే తోలుబొమ్మలాటను అది బతికించలేదు. మార్కెట్‌కు తెలిసింది తయారైన వస్తువుకు ధర కట్టడం. ఆ వస్తువు వెనకాల ఉన్న శిక్షణ, నిరీక్షణ, ప్రేక్షకులు, గురువు – ఇవన్నీ దాని లెక్కలోకి రాని ఖర్చులు. అవి ఎవరో ఒకరు భరించాలి. ఇప్పటిదాకా కళాకారుడి కుటుంబమే భరిస్తోంది.

చేయాల్సిన పనులు పెద్ద రహస్యాలు కావు. 53ఎ సెక్షన్‌కు వసూలు యంత్రాంగం పెట్టాలి, వేలం సంస్థలు అమ్మకాల వివరాలు ఇవ్వాలని నిబంధన చేయాలి. కలంతో వేసిన గుడ్డకు, మిషన్ మీద అచ్చేసిన గుడ్డకు వేరువేరు చీటీలు ఉండాలి, తప్పు చీటీ కడితే జరిమానా పడాలి. రెండు తెలుగు ప్రభుత్వాలు హస్తకళల మేళాకు స్టాలు ఇచ్చి ఊరుకోకుండా, ప్రదర్శనకు రాత్రి లెక్కన కూలి కట్టాలి. బడుల్లో, గ్రంథాలయాల్లో ఆడించాలి.

పాఠకులు చేయగలిగింది ఇంకా చిన్నది. కలంకారీ కొనేటప్పుడు ఎవరు వేశారని అడగండి, పేరు చెప్పలేని దుకాణంలో కొనకండి. ఊళ్లో నాటకానికి పాసు కోసం చూడకుండా టికెట్టు తీసుకోండి. ఈసారి ఆవిష్కరణ సభలో కవి తన పుస్తకం ఊరికే చేతిలో పెడితే, వెల ఎంతో చూసి ఆ డబ్బు ఇచ్చి తీసుకోండి.